రోజూ లేస్తాను, రేపు లేస్తాను

సాయంత్రాలు నా దగ్గర ఇంగ్లీషు చెప్పించుకునే పిల్లలకు ఖాళీలు పూరించడం నల్లేరు మీద నడక. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం, ఎన్.డి.వి. ప్రసాదరావు గారు సవరించిన ప్రతి, వాళ్ల చేతుల్లో నలిగిపోయింది. పన్నెండు టెన్సుల పట్టిక నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మాట్లాడమంటే మాత్రం 'ఐ విల్ గెటప్ ఎట్ సిక్స్ డైలీ' అంటారు.

రోజూ ఆరింటికి లేస్తాను, రేపు ఆరింటికి లేస్తాను. మనకు అలవాటుకైనా రేపటి సంగతికైనా 'లేస్తాను' చాలు. ఇంగ్లీషులో చాలదు. 'నుంచి'తోనూ ఇదే చిక్కు. 2019 నుంచి అన్నా, ఐదేళ్ల నుంచి అన్నా మనకు తేడా లేదు. ఇంగ్లీషులో మొదలైన ఏడాది చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. అందుకే 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అని మన నోటికి అంత సులువుగా వస్తుంది. 'ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అనాలంటే రెండు చోట్ల అలవాటు మార్చుకోవాలి.

అందుకని పట్టిక మూయించి ప్రశ్నలు వేస్తుంటాను. రోజూ ఏం తింటావు? నిన్న ఏం తిన్నావు? ఈ ఊళ్లో ఇప్పటిదాకా ఏయే హోటళ్లలో తిన్నావు? మూడో ప్రశ్న దగ్గర 'ఐ హ్యావ్ ఈటెన్' దానంతటదే అవసరపడుతుంది. అదే ఊపులో 'ఐ హ్యావ్ ఈటెన్ ఎస్టర్‌డే' అని కూడా అంటారు. నిన్న అని చెప్పాక హ్యావ్ పొసగదని అప్పుడు చెబితే ఎక్కుతుంది, ముందే చెబితే ఎక్కదు. ఇక 'విల్ హ్యావ్ బీన్ ఈటింగ్' జోలికి నేను పోను. మామూలు మాటల్లో అది ఎంత అరుదో!

ప్రిపొజిషన్ల దగ్గర ఇన్‌కి పెట్టె, ఆన్‌కి బల్ల బొమ్మ గీసి చూపిస్తారు చాలామంది. 'ఇన్ ద కార్', 'ఆన్ ద బస్' ఎదురయ్యేదాకా ఆ బొమ్మలు బాగానే పనిచేస్తాయి. యాంగ్రీ, మ్యారీడ్ వంటి మాటలకు ఏ బొమ్మా గీయలేం. నా మీద కోపం కాబట్టి 'యాంగ్రీ ఆన్ మీ' అంటారు. యాంగ్రీ విత్, మ్యారీడ్ టు, గుడ్ ఎట్... ఇలా జంటగా, పూర్తి వాక్యంలో పలికిస్తాను. డిస్కస్‌కి మాత్రం తోడు అక్కర్లేదు. అయినా మన ఆఫీసుల్లో 'డిస్కస్ అబౌట్' ఎంతగా పాతుకుపోయిందంటే, అబౌట్ తీసేసి మాట్లాడే కుర్రాడినే పక్కవాళ్లు సరిదిద్దుతారు.