వినికిడి ఒక వ్యాఖ్యానం: వాల్టర్ మర్చ్ ధ్వని సంకలనం

చలనచిత్ర విమర్శ ధ్వని సంకలనాన్ని తరచుగా సాంకేతిక విభాగంగానే పరిగణిస్తుంది. అమెరికన్ సంకలనకర్త వాల్టర్ మర్చ్ (జ. 1943) కృషి ఈ దృష్టి పరిమితిని తెలుపుతుంది.

కొపోలా ‘ది గాడ్‌ఫాదర్’ (1972)లో మైకేల్ తొలి హత్యకు పూనుకొనే వేళ నేపథ్యసంగీతం ఉండదు. తెరపై కనిపించని రైలు కీచుధ్వని తీవ్రమై అతని అంతస్సంఘర్షణకు రూపమిస్తుంది.

‘ది కాన్వర్సేషన్’ (1974) ఈ పద్ధతికి పరాకాష్ఠ. ఇతరుల మాటలను రహస్యంగా రికార్డు చేసే హ్యారీ కాల్ ఒక జంట సంభాషణను పదేపదే విని, వారికి ప్రాణాపాయమున్నదని నమ్ముతాడు. చివరకు అదే వాక్యంలో ఊనిక మరొక పదంపై పడుతుంది. బాధితులనుకొన్నవారే హంతకులని తేలుతుంది. నిజానికి అప్పుడు వినిపించేది నటుడు వేరుగా పలికిన మరో రికార్డింగు. మారడానికి వీలులేని టేపును మార్చడం ప్రేక్షకుని వంచించడమేనని ఆక్షేపించవచ్చు. అయితే ప్రేక్షకుడు మొదటినుండీ వింటున్నది టేపును కాదు, హ్యారీ వినికిడిని. సాక్ష్యం మారలేదు, దానికి అతడు చెప్పుకొన్న అర్థం మారింది. కనుక ఆ మార్పు కథాధర్మానికి లోబడినదే.

‘అపోకలిప్స్ నౌ’ (1979)కు ధ్వని విభాగంలోనూ, ‘ది ఇంగ్లీష్ పేషెంట్’ (1996)కు సంకలన, ధ్వని విభాగాలు రెండింటిలోనూ మర్చ్ ఆస్కార్ పురస్కారాలు పొందాడు. ఆ రెండు విభాగాలూ అతని దృష్టిలో ఒకే అర్థనిర్మాణ ప్రక్రియకు చెందినవి. దృశ్యాన్ని మాత్రమే చదివే విమర్శకు హ్యారీ చేసిన పొరపాటు అందదు.