పాదం అచ్చు పట్టే కొల్హాపురి

కొత్త కొల్హాపురి చెప్పులు మొదట్లో కాలిని కాస్త ఇబ్బంది పెడతాయి. వేలి దగ్గర ఒరుసుకుంటాయి, నడిస్తే కిర్రుమంటాయి. ఓపిగ్గా వేసుకుంటే తోలు మెత్తబడి, అడుగున పాదం అచ్చు పడుతుంది. రంగు ముదిరి నిగ్గు తేలుతుంది.

ఆ గుణం తయారీలోనే ఉంది. తుమ్మ బెరడు, కరక్కాయలతో తోలును పదును చేస్తారు. మేకుల్లేకుండా సన్నని తోలు పోగులతోనే పొరలను కుడతారు. ఎంత నేర్పయిన పని!

2019లో మహారాష్ట్ర, కర్ణాటకల్లోని ఎనిమిది జిల్లాలకు కలిపి ఈ చెప్పులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025లో మిలాన్ ఫ్యాషన్ వేదికపై ఇటలీ సంస్థ ప్రాడా ఇలాంటివే ప్రదర్శించి, విమర్శలొచ్చాక వాటి మూలాన్ని ఒప్పుకుంది. కర్ణాటకలోని అథణీ వంటి ఊళ్లలో తరతరాలుగా వీటిని కుడుతున్నవారికే అసలు పేరు దక్కాలి.

కొనేటప్పుడు బేరమాడే ముందు ఆ కుట్టును ఒకసారి తిప్పి చూడండి. వానలో మాత్రం వేసుకోకండి, నానితే తోలు పాడవుతుంది.