జైలు గేటు దాటని డబ్బు

కేంద్ర ప్రభుత్వం 2023లో పేద ఖైదీల కోసం ఏటా 20 కోట్ల రూపాయల పథకం పెట్టింది. 2023 నాటి నిబంధనల ప్రకారం బెయిలు పూచీకత్తుకు 40 వేల దాకా, జరిమానా కట్టడానికి 25 వేల దాకా ఇస్తామన్నారు. డబ్బుల్లేక జైల్లో మగ్గేది ఎక్కువగా మనవాళ్లే గనక దీన్ని మేం కాదనం. కానీ ఆ డబ్బు గేటు దాటదు. బయటికొచ్చినవాళ్లకి పనెవరిస్తారు, ఇల్లెవరు అద్దెకిస్తారు అన్నది ఈ పథకానికి పట్టదు.

లోపల పని నేర్పామంటారు. ఏం పని? చాలా రాష్ట్రాల జైలు మాన్యువళ్లు పాకీ పని ఎవరికి, వంట పని ఎవరికి అన్నది కులాన్ని బట్టే రాసుకున్నాయి. సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టేసిందాకా ఆ నిబంధనలు బతికే ఉన్నాయి. ఊరు చేయించే పనే జైలూ చేయిస్తే అది సంస్కరణ ఎట్లా అవుతుంది?

తెలంగాణ జైళ్ల శాఖ తన పెట్రోలు బంకుల్లో విడుదలైనవాళ్లకీ పని ఇచ్చింది. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు. దీన్ని అధికారుల దయకి వదలకుండా బడ్జెట్‌లో విడి పద్దుగా, హక్కుగా రాయాలని మేం అడుగుతున్నాం. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. ఏళ్ల తర్వాత నిర్దోషులుగా బయటపడేవాళ్లకీ ఆ పద్దులో వాటా ఉండాలి. వాళ్లు పోగొట్టుకున్న కూలి రోజులు ఎవరి బాకీ?