బొమ్మా బొరుసూ తెలిసిన భాషలో

కృష్ణదేవరాయల బంగారు వరహాకు నాణేల పుస్తకాల్లో ఒక పాత పేరుంది: దుర్గి వరహా. బొమ్మ వైపు ఎవరో కూర్చుని ఉంటారు, చేతిలో ఏదో ఉంటుంది. దాన్ని చూసి దుర్గ అనుకున్నారు, పేరు నిలిచిపోయింది. నాణెం శనగగింజ కంటే కాస్త వెడల్పు, అంతే. కానీ ఓపికగా చూస్తే ఆ కూర్చున్న తీరు అమ్మవారిది కాదని తెలుస్తుంది. ఒక మోకాలు పైకి లేచి ఉంది. ఒంట్లో పసితనం ఉంది. చేతిలోది వెన్నముద్ద, అటూ ఇటూ శంఖచక్రాలు. అతను బాలకృష్ణుడు. రాయలు ఉదయగిరి గెలిచి అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరం తెచ్చి 1515లో గుడి కట్టించాడు. ఈ బొమ్మను ఆ సంఘటనతో ముడిపెట్టే చరిత్రకారులున్నారు.

ఈ పొరపాటు ఆళ్లగడ్డలో జరిగి ఉండేదా అని నాకు అనుమానం. రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు అది. రోడ్డు పక్కన షెడ్లలో ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. శిల్పి విగ్రహాన్ని పోల్చుకోవడానికి ముఖం దగ్గర మొదలుపెట్టడు. ముందు ఆసనం చూస్తాడు, కాళ్లు ఎలా మడిచారో చూస్తాడు, తర్వాత చేతులెన్ని, ఏ చేతిలో ఏముంది, పక్కన వాహనముందా అని చూస్తాడు. ముఖం చివరిమాట. అరిగిన నాణెం మీద కూడా మొదట పోయేది ముఖమే. అందుకని నాణెం గురించి రాసేవాడు శిల్పి చూసే వరసలో రాస్తే చాలు, చదివేవాడి వేలు నాణెం మీద సరైన చోటికి వెళుతుంది.

మనకు మంచి నాణేల పట్టికలు లేకపోలేదు. 1960ల మొదట్లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం తరఫున మారేమండ రామారావు శాతవాహన నాణేల మీద, ఎన్. రమేశన్ విజయనగర నాణేల మీద, పరమేశ్వరీ లాల్ గుప్తా అమరావతిలో దొరికిన వెండి విద్ధాంక (గుర్తులు గుద్దిన) నాణేల మీద పుస్తకాలు తెచ్చారు. గట్టి పుస్తకాలు. అయితే అవి ఇంగ్లీషులో, పండితుడు పండితుడికి రాసినవి. నంద్యాలలో నాలుగు రాగి కాసులు పోగుచేసుకున్న రిటైర్డు మాస్టారు గానీ, కంసాలి అంగడిలో పాత వరహా చూసి ఆశపడ్డ కుర్రాడు గానీ వాటిని తెరిస్తే మొదటి పేజీలోనే ఆగిపోతారు. అక్కడ వరహా పగోడా అయి ఉంటుంది, పణం ఫనమ్ అయి ఉంటుంది. మన మాటే మారువేషం వేసుకుని మన ముందు నిలబడితే మనం పోల్చుకోం.

ఇంగ్లీషు తీసేసి తెలుగు లిపి పెట్టినంత మాత్రాన పని అయిపోదు. ‘ఆబ్వర్స్, రివర్స్’ అని అచ్చువేసిన తెలుగు వ్యాసాలు నేను చూశాను. పిల్లలు ఆటకు ముందు నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా అని అరుస్తున్న దేశంలో ఇదేం ఖర్మ! బొమ్మ, బొరుసు, టంకసాల, అచ్చు, ముద్ర, వన్నె, చిలుము: నాణేల శాస్త్రానికి కావలసిన మాటల్లో సగం మన నోళ్లలో ఇప్పటికే ఉన్నాయి.

లెక్కలు కూడా అంతే. వరహా బరువు ‘3.4 గ్రాములు’ అని రాసి వదిలేస్తే అది కొలత మాత్రమే. పాత తులంలో మూడో వంతుకు కాస్త తక్కువ అంటే కంసాలికి చేతిలో బరువు తెలుస్తుంది. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ అక్కడి నాణేల వరస రాసిపెట్టాడు. వరహాలో సగం ప్రతాపం, ప్రతాపంలో పదో వంతు పణం, పణంలో ఆరో వంతు వెండి తార, తారలో మూడో వంతు రాగి జితలు. అంటే అతని లెక్కన ఒక వరహాకు 360 జితళ్లు. ఇప్పుడు ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వెళ్లండి. కళింగ యుద్ధం రోజుల్లో రాయలు అక్కడికి వచ్చి నరసింహస్వామికి నగలతో పాటు వెయ్యి వరహాలు సమర్పించినట్టు శాసనం చెబుతోంది. దాదాపు మూడున్నర కిలోల బంగారం! చిల్లరగా మారిస్తే మూడు లక్షల అరవై వేల రాగి జితళ్లు. ఆ శాసనం ముందు నిలబడ్డవాడికి ఈ లెక్క చెప్పి చూడండి, వరహా అంటే ఏమిటో మళ్లీ అడగడు.

అక్షరాల దగ్గరే అందరూ భయపడతారు. నిజానికి శాతవాహన నాణెం మీద చదవాల్సింది తక్కువ. ‘రఞో’ అంటే రాజుగారి అని. తర్వాత ‘సిరి’. ఆపైన పేరు, పేరు చివర ‘స’. ఆ ‘స’ మన ‘యొక్క’ లాంటిది. రఞో సిరి సాతకణిస: రాజైన శ్రీ శాతకర్ణి యొక్క నాణెం. బ్రాహ్మీలో ఈ నాలుగైదు అక్షరాల ఆకారం గుర్తుపెట్టుకున్నవాడు పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పట్టేస్తాడు. చిక్కు వేరే చోట ఉంది. అచ్చు పెద్దది, లోహపు బిళ్ల చిన్నది. దెబ్బ పడ్డప్పుడు రాతలో కొంత బిళ్ల మీద పడి మిగతాది గాలిలో పోతుంది. ఒకదాని మీద ముందుభాగం, మరోదాని మీద వెనకభాగం దొరికితే రెండూ కలిపి చదవాలి. అందుకే రాసేవాడు కంటికి కనబడ్డ అక్షరాలను విడిగా, తాను ఊహించి పూరించిన అక్షరాలను విడిగా చూపించాలి. ఇది చెయ్యని రాతను నేను నమ్మను, ఎంత పెద్ద పేరున్నా సరే.

అచ్చు చెక్కేవాడికి ఇంకో కష్టం ఉంది. ఆళ్లగడ్డ శిల్పి ఉబ్బెత్తుగా చెక్కుతాడు. అచ్చు చెక్కేవాడు లోతుగా చెక్కాలి, అదీ తిరగేసి. కుడిచేతి చక్రం అచ్చు మీద ఎడమన ఉండాలి, అక్షరం అద్దంలో కనబడ్డట్టు ఉండాలి. కాస్త ఏమరితే నాణెం మీద అక్షరం తలకిందులుగానో, అటుది ఇటుగానో పడుతుంది. అలాంటిది కనబడగానే దొంగ నాణెం అని పారేయకూడదు. అది టంకసాల మనిషి చేతి తడబాటు కావచ్చు. దొంగది తెలుసుకోవాలంటే అంచు చూడాలి. అది పోతపోసిన నకలైతే అంచు వెంట సన్నటి అతుకు గీత, ఒంటి మీద సూదిమొన లాంటి గుంటలు ఉంటాయి, తూకం తేడా వస్తుంది.

ఒక నాణెం మీద ఇద్దరు రాజులు కూడా ఉండొచ్చు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. కింద ఓడిపోయినవాడి ముఖం, పైన గెలిచినవాడి గుర్తు. యుద్ధం గురించి పేజీల కొద్దీ రాసినా ఇంత చెప్పలేం.

మన దగ్గర పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో నాణేలు బయటపడితే చింతపండు పెట్టి తోమడం మొదటి తప్పు. చిలుముతో పాటు అక్షరాలూ పోతాయి. రెండో తప్పు దాచుకోవడం. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన పాతరను కలెక్టరుకు తెలియజేయాలి. దేనితో దొరికింది, ఎంత లోతున దొరికింది అన్నది పోగొట్టుకున్న నాణెం పాతసామానే. ఆళ్లగడ్డ వాళ్లకు కలెక్టరు ఆఫీసు కూడా ఇప్పుడు దూరం కాదు, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాలే జిల్లా కేంద్రం.

ఇప్పుడు ఒక నాణెం ఇలా చూడండి. తిరుమలరాయల వరహా అనుకుందాం. అతనిది ఆరవీడు వంశం. పింగళి సూరన కళాపూర్ణోదయం అంకితం పుచ్చుకున్న నంద్యాల కృష్ణమరాజుదీ ఆ వంశపు శాఖే. నాణేన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి రండి. ఎండ నేరుగా పడకుండా పక్కనుంచి ఏటవాలుగా పడాలి. ముందు కూర్చున్నవాళ్ల మోకాళ్లు తేలతాయి, ఇద్దరున్నారు. పక్కన నిలబడ్డ మనిషి గీతలా కనిపిస్తాడు. నాణేన్ని కొద్దిగా తిప్పండి. నిలబడ్డవాడు లక్ష్మణుడు. కూర్చున్నవాళ్లు ఎవరో ఇక నేను చెప్పక్కర్లేదు.