లేపాక్షి దారిలో జాగ్వార్

చెట్టు నీడన ఆగిన కారును చూసి దాని అందం తేల్చకూడదు. కొమ్మల నీడలు ఒంటి మీద పడి గీతను ముక్కలు చేస్తాయి. నగరంలో మరీ అన్యాయం, అద్దాల మేడలూ ఫ్లెక్సీలూ పక్క బండ్లూ కలిసి కంటిని నిలవనివ్వవు. జాగ్వార్ ఎఫ్-టైప్ కూపేని చూడాలంటే మా అనంతపురం పీఠభూమి మీద చూడాలి. ఎర్రనేల, బోడిగుట్ట, తంగేడు పొద, ఆ పైన అంతులేని ఆకాశం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు, లేకపోతే లేదు. ఆ కరువు మా నేల మీద కప్పులన్నీ తీసేసింది. ఇక్కడ గుట్ట గుట్టగానే కనిపిస్తుంది, బండ బండగానే కనిపిస్తుంది. అలాంటి చోట, మార్గశిరపు తెల్లవారుజామున, నలభై నాలుగో నంబరు హైవే అంచున ఈ ముదురాకుపచ్చ కూపేని ఆపి పది అడుగులు వెనక్కి నడిచి తిరిగి చూడండి. దాచడానికి ఏమీ లేని నేల మీద, దాచుకోవాల్సిందేమీ లేని రూపం!

ముందు ఆ పక్కవాటం చూడాలి. పొడవాటి బానెట్టు, దాని వెనక్కి ఒదిగిన చిన్న గది, అక్కడి నుంచి తోక దాకా జారిపోయే కప్పు. కూపే ప్రాణమంతా ఆ జారుడులోనే ఉంది. ముందు అద్దం పక్క నుంచి వెనక దీపం దాకా పక్కభాగమంతా ఒకే అల్యూమినియం రేకు, ఒకే అచ్చు. మధ్యలో అతుకు లేదు, అతుకును కప్పిపుచ్చే పట్టీ లేదు. వేలు ఆనించి నడిపిస్తే ఎక్కడా తగలదు, ఎక్కడా తడబడదు. తలుపు దాటాక ఆ రేకు ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు ఉబికి, వెనక చక్రం మీద నిండుగా పొంగి, మళ్లీ లోపలికి ముడుచుకుంటుంది. ఆ పొంగు దగ్గర నా చెయ్యి ఎప్పుడూ కాసేపు ఆగిపోతుంది.

ఈ పొంగును నేను అంతకుముందే చూశాను, లేపాక్షిలో. ఒకే రాతిలో మలిచిన ఆ బసవన్న పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. అంత బరువున్న రాయి కూర్చుని కూడా కూర్చున్నట్టుండదు. తల ఎత్తి, చెవులు నిక్కించి, మడిచిన వెనక కాలి తొడలో బలమంతా దాచుకుని, ఇప్పుడే లేస్తుందా అనిపిస్తుంది. మెడలో గంటల హారం, వీపు మీద అలంకారం, వాటి కింద మాత్రం ఎక్కడా తెగని ఒకే నడక. పదహారో శతాబ్దపు శిల్పి కదలని రాతిలో కదలికను కూర్చోబెట్టాడు. రేకును వంచిన నేటి చెయ్యి కూడా ఆ పనే చేసింది. ఆగి ఉన్నప్పుడు కదలబోతున్నట్టు ఉండటం, ఆ క్షణాన్ని పట్టి నిలపటం ఇద్దరికీ తెలుసు. శిల్పానికీ కారుకీ పోలికేమిటని పెద్దలు కోప్పడతారేమో, కోప్పడనీ. ఆ తొడ మడత దగ్గర అరగంట నిలబడినవాళ్లకు ఈ కారు వెనకభాగం కొత్తగా అనిపించదు.

వంశం కూడా గొప్పదే. 1961లో జెనీవా ప్రదర్శనలో జాగ్వార్ ఇ-టైప్ మీద తెర తీసినప్పుడు లోకం కళ్లప్పగించి చూసింది. దాని ఒంటిని తీర్చిన మాల్కమ్ సేయర్ విమానాల పని నేర్చి వచ్చినవాడు. గాలి ఎటు జారుతుందో లెక్క కట్టి గీసిన గీత అంత అందంగా తేలింది. ఆ గీతను అరువు తెచ్చుకోకుండా, దాని నాడి మాత్రం పట్టుకుని ఇయాన్ కాలమ్ బృందం ఎఫ్-టైప్‌ను దిద్దింది. 2013 చివర్లో కూపే వెలుగు చూసింది. యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానాలు తయారైన క్యాసిల్ బ్రామ్‌విచ్ కర్మాగారంలోనే ఇదీ పుట్టింది. 2008 నుంచి జాగ్వార్ మన టాటాల ఇంటిది గనక, ఆ ఆంగ్లేయపు చలువ కారు ఈ ఎండనేలకు మరీ పరాయి చుట్టమేం కాదు.

దగ్గరికి వెళ్తే తలుపుకి పిడి కనిపించదు, రేకులో కలిసిపోయి ఉంటుంది. తాళం తీయగానే మెల్లగా బయటికి వచ్చి చేతికి అందుతుంది. కూర్చోవడం కాదు, దిగాలి. నడుము నేలకు దగ్గరవుతుంది, కాళ్లు ముందుకు చాపుకుంటాయి, కళ్ల ముందు బానెట్టు రెండు మెత్తని గట్లుగా లేచి దూరంగా వంగిపోతుంది. బటన్ నొక్కితే అయిదు లీటర్ల వి-ఎయిట్ ఒక్కసారి గొంతు చించుకుని అరిచి, వెంటనే సర్దుకుని లోలోపల గుర్రుమంటుంది. సూపర్‌చార్జర్ నూరిపోసిన ఆ 550 గుర్రాల బలం మీ కుడికాలి బొటనవేలి కింద ఓపిగ్గా కాచుకుని ఉందని వెన్నెముకకు తెలుస్తుంది. ఎంత హాయైన భయం!

రాప్తాడు దాటి, మరూరు టోల్ దాటి, సి.కె.పల్లి వైపు సాగే ఆ దారి ఉంది చూడండి, దాన్ని చాలామంది బెంగుళూరు చేరాలనే ఆత్రంలో చూడకుండానే దాటేస్తారు. పాతవాళ్ల నోట అది ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డే. కోసేసిన శెనక్కాయ చేలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి. రామగిరి వైపు గుట్టల మీద గాలిమరలు ఇంకా నిద్రమత్తులో తిరుగుతుంటాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో ఆటకి పేర్చి మరిచిపోయినట్టు బండరాళ్లు. వాటి వెనక నుంచి సూర్యుడు తల ఎత్తగానే మొదటి కిరణం బానెట్టు అంచున నిలుస్తుంది, నిలిచి గట్టు పొడుగునా పాకి అద్దం దాకా వస్తుంది. రోడ్డు కదులుతుంటే ఆ వెలుగు ఒంటి మీద నీరులా ఒలుకుతుంది. నీరు లేని నాట నీటి కదలికను ఈ రేకు మీద చూశాను.

వేగం గురించి అడుగుతారు అందరూ. అంకెలో ఏముంది? ఈ హైవే మీద చట్టం ఒప్పుకునేది వంద, నాకు అది చాలు. నలభై నుంచి వంద దాకా ఉన్న ఆ నాలుగు క్షణాలే ఈ కారు పాడే పద్యం. పెనుకొండ దగ్గర గుట్టల నడుమ రోడ్డు మెలి తిరిగేచోట, బండను తొలిచి దారి తీసిన గోడల మధ్య, ముందు వెనక ఎవరూ లేరని చూసుకుని, కిటికీ దించి, రెండో గేరు పట్టి తొక్కండి. మొదట ఛాతీ మీద ఒక మెత్తని చెయ్యి పడి సీటులోకి అదుముతుంది. ఆ వెంటనే నాలుగు గొట్టాల నుంచి శబ్దం లేచి రాతిగోడకు తగిలి తిరిగి వస్తుంది, ముందు ఉరుము, పైన తుత్తార, ఆ రెంటి అడుగున సూపర్‌చార్జర్ తీసే సన్నని ఆలాపన. కాలు తీశారా, పటపటమని నిప్పురవ్వలు చిట్లినట్టు ఆ గొంతు విరిగి రాలుతుంది. పొడిగాలిలో ప్రతి రవ్వా విడివిడిగా వినిపిస్తుంది. తడి నిండిన కోస్తా గాలిలో ఈ స్ఫుటత రాదు, నగరపు గోడల మధ్య ఇది రణగొణగా మిగులుతుంది. కృష్ణరాయల వారసులు 1565 తరవాత రాజధానిని తరలించుకున్న ఈ పెనుకొండ రాళ్లు ఎన్ని భేరీలు విని ఉంటాయో! వాటికి ఈ గొంతు వినిపించడం నాకు అపచారం అనిపించలేదు.

ఆ గుట్ట దాటగానే ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారం. 2019 నుంచి అక్కడ బారులు బారులుగా కార్లు తయారై ఓడలెక్కుతున్నాయి. కరువుసీమలో కారు పుడుతోందంటే గుండె నిండుతుంది. అవి ఇంటిల్లిపాదినీ మోసే బండ్లు, వాటి ధర్మం వేరు. ఇద్దరికి మాత్రమే చోటుండి, సామానుకి అంతంత మాత్రంగా ఒప్పుకునే ఈ కూపే ఏ అవసరమూ తీర్చదు. పాట ఏ అవసరం తీరుస్తుంది?

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే వదిలి చిలమత్తూరు మీదుగా లేపాక్షి వైపు తిరిగితే మరో రసం. దారి సన్నబడుతుంది. కారు తన బలమంతా మింగుకుని ఏనుగు నడక నడవాలి. ఉలవ కట్టె రోడ్డు మీద పరిచి ఉంటుంది, వచ్చేపోయే లారీల చక్రాలే దానికి కల్లం. నేల నుంచి జానెడు ఎత్తు కూడా లేని నా బండి దాని మీదికి పోలేదు, పోకూడదు కూడా. ఆగుతాను. ఒక పెద్దాయన కట్టెతో పక్కకు తోసి దారి ఇస్తూ, వంగి లోపలికి చూసి, "ఏం సామీ, ఇంత కిందికుంది, గుంతల్లో ఎట్ల పోతాదిది?" అన్నాడు. "మెల్లగా పోతాది పెదనాయనా" అన్నాను. ఆయన అరచెయ్యి వెనక చక్రం మీది పొంగు మీద వేసి, ఎద్దును నిమిరినట్టు ఒకసారి నిమిరాడు. ఏ ప్రదర్శనశాలలోనూ దీనికి ఇంతటి మెచ్చుకోలు దక్కలేదు.

సొంతం చేసుకోవడమంటే నాకు ఇదంతా. తిరిగి వచ్చాక ఎర్రదుమ్ము ఆకుపచ్చ మీద పల్చగా పట్టి ఉంటుంది. వెంటనే కడగను. దీపాల చుట్టూ, పిడి సందులో, తోక రెక్క అంచున చేరిన ఆ ఎరుపు, గాలి ఈ ఒంటి మీద ఎక్కడ జారిందో ఎక్కడ సుడి తిరిగిందో గీసి చూపిస్తుంది. సేయర్ కాగితం మీద లెక్కకట్టిన విద్యే, మా మట్టి తన రంగుతో రాసి ఇస్తుంది. మర్నాడు బక్కెట్టు నీళ్లతో, మెత్తని గుడ్డతో, పొదుపుగా తుడుస్తాను. నీటి విలువ తెలిసిన ఊరు మాది.

2024లో ఎఫ్-టైప్ తయారీ ఆగిపోయింది. జాగ్వార్ విద్యుత్తు బాట పట్టింది, ఈ గొంతు ఇక కొత్త కారులో వినబడదు. ఉన్నవాటిని ఉన్నన్నాళ్లు నడపాలి, నడిపేవాళ్ల పక్కన కూర్చోవాలి. ఎవరి దగ్గరైనా ఇలాంటిది ఉంటే షెడ్డులో ముసుగేసి ఉంచొద్దని బతిమాలుతున్నాను. చలికాలం చూసి ఇటు తీసుకురండి. పొద్దు పొడవక ముందే సి.కె.పల్లి దాటండి, పెనుకొండ దగ్గర కిటికీ దించండి, బసవన్న ముందు బండి ఆపాక రెండింటినీ ఒకే చూపులో పెట్టుకుని చూడండి.