మైదానంలో మనవాళ్లు

నాకు ఫుట్‌బాల్ తెలియదు. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే మంచిది, లేకపోతే ఈ పేజీ చూసి మావారు నెల రోజులు నవ్వుతారు. అయినా 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ సినిమాను మొన్న ఆదివారం కల్వకుర్తిలో మా ముందుగదిలో కూచుని చూశాక నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

కథ మన హైదరాబాదు మనిషిది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. దేశపు జట్టుకు శిక్షకుడై 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికీ నడిపించారు. మరుసటి ఏడే కేన్సరుతో పోయారు.

అజయ్ దేవగణ్ తక్కువ మాట్లాడి ఎక్కువ నటించాడు. (సిగరెట్లు మాత్రం మరీ ఎక్కువ కాల్చాడు.) చివరి ఆటలో కొరియా మీద 2-1తో మనమే గెలుస్తామని తెలిసి కూడా నేను కొంగు నలిపి పెట్టాను. ఆ మార్కులు దర్శకుడు అమిత్ శర్మవే.

నా ఫిర్యాదు వేరే ఉంది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు రహీంగారి చేతిలో బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎగరేసుకొచ్చింది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పూ తెచ్చింది. పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం వంటి వాళ్లు పుట్టిందీ ఈ జంటనగరాల్లోనే. ఆ ఐదేళ్ల హైదరాబాదు నాకు తెరమీద తనివితీరా కనబడలేదు. పెళ్లి చూపించి, పిల్లను పెంచిన ఇల్లు చూపించకపోతే ఎట్లా?

అసలు కప్పేమిటి, లీగేమిటి అని మా అమ్మాయిని అడిగాను. పద్నాలుగేళ్లది, వంటగట్టు మీద కూచుని పాఠం చెప్పింది. లీగంటే అందరూ అందరితో ఆడాలి. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి, ఆఖర్న లెక్క. అంటే సంసారమే! ఒక పూట కూర మాడినా మర్నాడు సర్దుకోవచ్చు. కప్పులో అట్లా కాదు, ఒక్కసారి ఓడితే సంచీ సర్దుకోవడమే. ఇంగ్లాండులో ఎఫ్.ఏ. కప్పు 1871లో పుడితే లీగు 1888లో పుట్టింది. అదే 1888లో సిమ్లాలో మన డ్యూరాండ్. అక్కడ ఒకే జట్టు ఒకే ఏడు రెండూ ఆడుతుందట. కప్పులో ఒక్కోసారి ఊరూ పేరూ లేని జట్టొచ్చి మహామహుల్ని ఇంటికి పంపిస్తుందట. ఇది నాకు చప్పున అర్థమైంది. 1989లో ఎన్టీ రామారావుగారిని ఓడించి పంపిన ఊరు మాది మరి.

రహీంగారి భార్య సైరాగా ప్రియమణి వేసింది. ఆమె కళ్లు చెప్పినన్ని మాటలు రచయితలు ఆమెకు రాయలేదు. ఎదురుచూడటం, దిగులుపడటం, ధైర్యం చెప్పడం. మన నవలల్లో కూడా ఇదే వరస కదా అనుకుని, నావి నేనే తలుచుకుని కాస్త సిగ్గుపడ్డాను.

సినిమా అయ్యాక అమ్మాయి అడిగింది, “ఒక్క ఆడపిల్లన్నా బంతి తన్నలేదేమమ్మా?”

“1962 నాటి కథ కదే” అన్నాను.

అది ఊరుకోలేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టుకు వెళ్లిందని ఫోన్లో తీసి చూపించింది. అదే ఏడు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. 2025లో ఢిల్లీకి తరలిపోయిందనీ చెప్పింది, అత్తారింటికి పోయిన అక్క సంగతి చెప్పినట్టు.

నాకు పోయిన ఏడు గుర్తొచ్చింది. బూట్లు కావాలని ఇది అడిగితే, బళ్లో ఆడపిల్లలకు టెన్నికాయిట్ ఉంది చాలన్నారు. “కాలిరిగితే ఎవడు చేసుకుంటడే?” అన్నారు అత్తమ్మ. నేను ఏమీ అనలేదు. అనకపోవడమంటే అత్తమ్మ పక్కన నిలబడటమేనని పిల్లకు తెలుసు.

టీవీ ఆపి, “నీ కాలి సైజెంత?” అన్నాను.

“అయిదు” అంది, నా మొహంలోకి అనుమానంగా చూస్తూ. మంచం మీద అత్తమ్మ అటు తిరిగి పడుకున్నారు. నిద్రపోలేదని మాత్రం నాకు తెలుసు.