అక్షరం ఎంత పెద్దగా ఉండాలి?

ఈ వారం ఒక వ్యాస సంపుటి ప్రూఫులు చూస్తూ నేను వాడే టెక్స్ట్ ఎడిటర్ ఈమ్యాక్స్ మీద బాగా విసుక్కున్నాను. తెరిచిన ఒక్కో ఫైలునూ అది ఒక్కో బఫర్ అంటుంది. రచయిత పంపిన ప్రతి ఒక బఫర్‌లో, దిద్దిన ప్రతి ఇంకో బఫర్‌లో, నా గుర్తులు మూడోదాంట్లో ఉన్నాయి. మొదటిదాంట్లో కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ప్లస్ నొక్కి అక్షరం పెంచుకున్నాను. రెండోదానికి వెళ్తే మళ్లీ చిన్నక్షరాలే. అక్కడా పెంచాను. ఫైళ్లు మూసి మర్నాడు తెరిస్తే అన్నీ మొదటికొచ్చాయి.

పనిముట్టు పనివాడికి తగ్గట్టు ఒదగాలన్నది నా పాత పాటే, ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఈమ్యాక్స్‌ను వదలకపోవడానికీ అదే కారణం. అందులో మార్చుకోలేనిదంటూ దాదాపు లేదు. అలాంటిది, నా కంటికి ఎంత అక్షరం కావాలో ఒకసారి చెబితే గుర్తుపెట్టుకోదేం?

నిజానికి దాని పద్ధతే అంత. 2009లో వచ్చిన 23వ వెర్షన్ నుంచీ ఈ జూమ్ ఏ బఫర్‌కు ఆ బఫర్‌దే. ఒక్కో మెట్టుకు అక్షరం 1.2 రెట్లవుతుంది, నాలుగు మెట్లెక్కితే రెట్టింపు దాటుతుంది. అడుగున ఉండే మోడ్ లైన్ మాత్రం కదలదు. మరో ఎడిటర్ వీఎస్ కోడ్ దారి వేరు. అక్కడ కంట్రోల్-ప్లస్ కొడితే మెనూలు, పక్క పట్టీ సహా విండో మొత్తం పెరుగుతుంది. 2023లో ఈమ్యాక్స్ 29వ వెర్షన్ కూడా అన్ని బఫర్లనూ ఒకేసారి పెంచే జూమ్ తెచ్చింది. రెండో నొక్కుకు ఆల్ట్ కలిపితే చాలు. అందరం దానికే మారిపోతే సరి కదా అనిపించింది.

ఈ ఆలోచనలో ఉండగా తెనాలి ప్రెస్సు గుర్తొచ్చింది. చదువుకునే రోజుల్లో సెలవులకు అక్కడ ప్రూఫులు చదివేవాణ్ణి. సీసపు అక్షరాలకు జూమ్ ఎక్కడిది? 12 పాయింట్ల టైపుకు ఒక కేసు, 24 పాయింట్లకు ఇంకో కేసు. నాకు పని నేర్పిన పెద్దాయన సొరుగులో భూతద్దం ఉండేది. ‘అర్థం’లో ఒత్తుకు చుక్క పడిందో, చుక్క పోయి ‘అర్ధం’ అయిందో తేలనప్పుడు ఆ ఒక్క మాట మీద పెట్టి చూసి, వెంటనే సొరుగులో పెట్టేసేవారు. పేజీ అంతా దాంతో చదవబోతే ఒప్పుకునేవారు కాదు. పాఠకుడు భూతద్దం పట్టుకుని కూర్చోడు, అతను చూసినట్టే మనమూ చూడాలనేవారు. మాటల మధ్య ఎడం ఎక్కువైనా, వరస వంకరపోయినా, సిరా ఒకచోట పలచబడినా తెలిసేది మామూలు సైజులోనే. పెద్దది చేసి చూస్తే అక్షరం కనిపిస్తుంది, పేజీ కనిపించదు.

ఆయన మాట తలచుకున్నాక బఫర్ జూమ్ మీద నా అభిప్రాయం తిరగబడింది. అనుమానం ఉన్నచోట పెట్టి, తేలగానే తీసేయాల్సినది జూమ్. అది పక్క బఫర్‌కు పాకకపోవడమే న్యాయం, మర్నాటికి మిగలకపోవడమే మంచిది. పాఠం చెబుతూ తెర మీద అందరికీ చూపించాలంటే మొత్తం పెంచే జూమ్ కావాలి, కాదనను. రోజూ చదవడానికి కావలసిన సైజు సంగతి వేరు. దాన్ని డిఫాల్ట్ ఫాంటులోనే పెట్టుకోవాలి. ఈ రెండింటినీ విడదీసి ఉంచడం ఈమ్యాక్స్ చేసిన మేలు.

తెలుగు రాసేవాళ్లకు ఈ తేడా మరీ ముఖ్యం. చాలా ఫాంటుల జోడీల్లో ఇంగ్లీషు పక్కన తెలుగు చిన్నగా పడుతుంది. జూమ్ చేస్తే రెండూ పెరుగుతాయి, ఆ తేడా అలాగే ఉంటుంది. ఈమ్యాక్స్‌లో ఫేస్-ఫాంట్-రీస్కేల్-ఏలిస్ట్ అనే వేరియబుల్ ఉంది. అందులో నోటో సాన్స్ తెలుగు పేరు రాసి పక్కన 1.2 పెడితే తెలుగు ఒక్కటే పెరుగుతుంది. వరసల ఎత్తు కూడా చూసుకోవాలి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే పైన గుడి దీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఎత్తు చాలకపోతే అవి పక్క వరసలకు తగులుతాయి. వీఎస్ కోడ్‌లో దీనికి లైన్ హైట్ అనే సెట్టింగ్ ఉంది.

మీరు రోజూ జూమ్ చేస్తున్నారంటే, సరిచేయాల్సింది మీ ఫాంటు సెట్టింగునే. ఈ ఆదివారం కాసేపు కూర్చుని సైజూ, వరసల ఎత్తూ మీ కంటికి సరిపోయేలా పెట్టుకోండి. జూమ్‌ను అనుమానం తీర్చుకోవడానికి మాత్రమే వాడండి.